నీళ్ళలోకి దిగే రోడ్డు

పడవలకు పార్కింగేమిటని మీరు నవ్వుతారని నాకు తెలుసు. ఆ ఫైలు మొదటిసారి నా టేబుల్ మీదికి వచ్చిన రోజు నేనూ నవ్వాను. మా బొగ్గుగనుల ఊళ్ళో మనుషులు నడవడానికే సరైన జాగా లేదు, పడవలకు పార్కింగట అని పక్క టేబులాయనతో అన్నాను. ఆయన కళ్ళజోడు పైకి తోసుకుని, "మీరు నవ్వితె ఫైలు జల్ది కదుల్తదా మేడం?" అన్నాడు. కదిలింది. నా చేతి మీదుగానే కదిలింది. నా బాధంతా అదే.

ఏ శాఖలో పనిచేశానో చెప్పను. చెబితే మీరు శాఖను తిడతారు. ఇందులో ముందు తిట్లు తినాల్సింది నేను. శాఖ వంతు వచ్చినప్పుడు నేనే తిడతాను, ఆ పని ఇతరులకు వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. గోదావరిఖనిలో పుట్టాను, ఆ చుట్టుపక్కలే ఇరవై ఆరేళ్ళు సర్వేలు, కొలతలు, అంచనాలు అంటూ తిరిగాను, యాభై రెండో ఏట స్వచ్ఛందంగా విరమించుకున్నాను. కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ అనుభవం చెప్పండి" అంటారు. వాళ్ళ దృష్టిలో అనుభవమంటే చేసిన మంచిపనుల చిట్టా. అలాంటి చిట్టాలు వీడ్కోలు సభల్లో చదువుతారు, సమోసాలు చల్లారేలోపు అందరూ మరిచిపోతారు. నేను మరిచిపోలేనిది ఒకటుంది. అది చెబుతాను.

గోదావరి మీద ప్రాజెక్టు కట్టాక వెనక నీళ్ళు నిలిచి కొన్ని ఊళ్ళు మునిగాయి. అందులో ఒక ఊరికి పోయే తారురోడ్డు సగం మాత్రం పైన మిగిలింది. చేల మధ్య నుంచి మామూలు రోడ్డులాగే వస్తుంది. వచ్చి వచ్చి, మలుపూ లేకుండా, హెచ్చరికా లేకుండా, నీళ్ళలోకి దిగిపోతుంది. నీళ్ళ కింద ఇంకా రోడ్డుంది, దాని చివర బడి ఉంది, ఇళ్ళ గోడలున్నాయి. ఆ ఊరివాళ్ళను పైన ఎత్తు మీద కాలనీ కట్టి పెట్టారు. వాళ్ళలో ఇరవై దాకా చేపలు పట్టే ఇళ్ళు. వాళ్ళకు ఆ మునిగిన రోడ్డే రేవు. చిన్న చక్రాల బండి మీద పడవను పెట్టి వాలులో వదిలితే దానంతట అదే నీళ్ళలోకి జారుతుంది. వచ్చేటప్పుడు బండిని నీళ్ళలోకి తోసి, పడవను దాని మీదికి లాగి, ఇద్దరు మనుషులు పైకి నెట్టుకొస్తారు. ఏ ఇంజనీరూ గీయని ర్యాంపు అది. మా వాళ్ళు తర్వాత గీసినదాని కంటే బాగుండేది. ఆ మాట నేను చాలా ఆలస్యంగా ఒప్పుకున్నాను.

చిక్కు కార్లతో వచ్చింది. ప్రాజెక్టు చూడడానికి వచ్చే జనం ఆ రోడ్డును కనిపెట్టారు. నీళ్ళ దాకా కారులో పోవచ్చు, అక్కడే కడుక్కోవచ్చు, ఫొటోలు దిగొచ్చు. ఒకరోజు ఎవరిదో కారు బ్రేకు పడక నీళ్ళలోకి జారింది. మనుషులకేమీ కాలేదు, సీట్లు తడిశాయి. కానీ కారాయన కాస్త పలుకుబడి ఉన్నవాడు. వారంలో మా ఆఫీసుకు ఉత్తరం వచ్చింది. పాత రోడ్డు మూసెయ్యాలి, కట్ట దగ్గర పద్ధతిగా ఒక ర్యాంపు కట్టాలి, దాని పైన పడవల బండ్లు నిలపడానికి పార్కింగ్ చూపించాలి. మూసే ముందు పాత రోడ్డును ఎవరైనా వాడుతున్నారా లేదా చూసి రాయాలి. ఆ చూసి రాసే పని నాది.

మూడు రోజులు చూశాను. మూడు రోజులూ పదకొండు గంటలకు చూశాను. ఎందుకంటే జీపు పొద్దున మా పై అధికారి సారును ఇంటి దగ్గర ఎక్కించుకుని, ఆఫీసులో దించి, టిఫిన్ తెచ్చి, ఆ తర్వాత నాకు దొరికేది. పదకొండింటికి ఆ రోడ్డు మీద ఈగ లేదు. రెండు పక్కలా తుమ్మచెట్ల కింద కొన్ని పడవలు బోర్లా పడి ఉన్నాయి, వాటి మీద పాత టార్పాలిన్లు కప్పి ఉన్నాయి. నా నోట్‌బుక్కులో రాసుకున్నాను: 'రాకపోకలు లేవు. నిరుపయోగంగా పడి ఉన్న పడవలు తొమ్మిది.'

రెండో రోజు జీపు డ్రైవరు, కమాన్‌పూర్ వైపు మనిషి, బీడీ వెలిగించుకుంటూ అన్నాడు.

"గీ యాల్లకు ఎవలుంటరు మేడం? పొద్దుగాల అయిదింటికి రావాలె, లేకుంటె మూడు కొట్టినంక రావాలె."

"అయిదింటికి జీపు నువ్వు తెస్తవా? సారు తెస్తడా?"

"నేను అన్నదేందంటే…"

"నువ్వు అనకు. నీ పని స్టీరింగు, నా పని పెన్ను. ఎవల పని వాళ్ళు చేస్కుందాం."

ఆయన బీడీ తొక్కేసి జీపెక్కాడు. మూడో రోజు నోరు తెరవలేదు. నేను గెలిచాననుకున్నాను. ఆఫీసులో నాకు నోరున్నదాన్నని పేరు. ఆడవాళ్ళను ఫైళ్ళు మోయడానికే పిలిచే రోజుల్లో ఆ నోటితోనే బతికాను, అందుకు సిగ్గుపడను. కానీ ఆ రోజు ఆ నోరు ఎవరి మీద పడింది? విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషి మీద.

నా తప్పు మీకు అర్థం కావాలంటే మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. బొగ్గుబాయి ఊళ్ళో రోజు సూర్యుడితో నడవదు, షిఫ్టుతో నడుస్తుంది. ఆ చేపల ఇళ్ళలో పడుచువాళ్ళంతా ఓపెన్‌కాస్టు గనిలో కాంట్రాక్టు డ్రైవర్లుగానో హెల్పర్లుగానో పోయేవాళ్ళు. మొదటి షిఫ్టు దిగి వచ్చి, మూడున్నరకు వలలు వేసేవాళ్ళు. తెల్లవారకముందే లేచి, వలలు తీసి, చేపలు ఒడ్డున పడేసి, ఏడింటి షిఫ్టుకు ఉరికేవాళ్ళు. ఎండెక్కాక ఇంటి దగ్గర మిగిలిన పెద్దవాళ్ళు పడవలను బోర్లించి ఆరబెట్టి, టార్పాలిన్లు కప్పి, పోయి పడుకునేవాళ్ళు. నేను రాసిన 'నిరుపయోగం' ఆ ఆరబెట్టడమే.

ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన అధికారి ఈ తప్పు చేస్తే క్షమించొచ్చు. మా నాయన బాయి మనిషి. నైటు షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే మధ్యాహ్నం దాకా మా ఇంట్లో గిన్నె చప్పుడు కాకూడదు. పదకొండింటికి మా వాడలో సగం ఇళ్ళు నిద్రలో ఉండేవి. ఎవరైనా బయటివాళ్ళు ఆ టైముకు వచ్చి 'ఈ వాడలో మనుషులు లేరు' అని రాసుకుపోతే నేనే కొట్లాటకు దిగేదాన్ని. అంత తెలిసినదాన్ని, చేతిలో ప్రభుత్వ నోట్‌బుక్కు ఉండేసరికి ఆఫీసు టైమే లోకం టైమనుకున్నాను.

సంతకం పెట్టాను. కట్ట దగ్గర కొత్త ర్యాంపు లేచింది. పాత రోడ్డును మూయడానికి ఓపెన్‌కాస్టు బండలు అడిగాం. బొగ్గు పైన తవ్విపోసిన మట్టిలో ఏనుగంతేసి బండలు వస్తాయి, వాటికి కొదవ లేదు. లారీలు తెచ్చి ఒక వరస పోశాయి, మూసిన మార్గమని బోర్డూ పాతాం. నేనే ఇంకో వరస అడిగాను, నీళ్ళ అంచున. కారు పక్కనుంచి దూరకూడదని. రెండో వరసను దగ్గరుండి పోయించాను. ఆ బండల సైజు కూడా నేనే చెప్పాను.

కాలనీవాళ్ళు ఆఫీసుకు వచ్చారు. ఏడెనిమిది మంది. ముందు నిలబడ్డది అరవై దాటిన ఒక మనిషి, వెనక ఆయన భార్య. ఆయన ఇరవై ఎనిమిదేళ్ళు భూగర్భంలో బొగ్గెత్తి, ఊపిరితిత్తులు పాడై, మెడికల్ అన్‌ఫిట్ అయి బయటపడ్డవాడు. చిన్నప్పుడు నేర్చిన చేపల వేటకే తిరిగి వచ్చాడు. మాట మాటకు మధ్య ఆగి గాలి పీల్చుకునేవాడు. నాకు మా చిన్నాయనలు గుర్తొచ్చి కాకా అని పిలిచాను. పిలుపుకైతే లోటు చెయ్యలేదు.

"కొత్త ర్యాంపు మంచిగుంది బిడ్డా," అన్నాడాయన. "పెండ్లికొడుకు లెక్క ఉంది. కాని గాలి ఎటు కొడ్తదో సూసిండ్రా? కట్ట కాడ అల లేస్తది. పడవ నిలువది."

"పార్కింగ్ గిట్ల అన్నీ చూసి కట్టినం కాకా."

"పార్కింగ్ బండ్లకు. పడవకు గావలసింది వాలు. పాత తొవ్వకు వాలు మంచిగుంటది. ఇడిస్తె దిగుతది. వచ్చేటప్పుడు మీ చిన్నమ్మ ఎనుక నుంచి దొబ్బుతది, నేను ముందట గుంజుత. గీ ర్యాంపు నిటారుంది. నలుగురు గావాలె. నాకు నలుగురు ఏడికెల్లి వస్తరు? నా ఊపిరి సగం బాయిల్నే ఇడిసివెట్టి వచ్చిన."

వెనకనుంచి ఆయన భార్య అంది: "సగం కాదు, ముప్పావు. ఉన్న పావు గిక్కడ మాట్లాడుడుకే ఒడుస్తది. జల్ది చెప్పు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ఫైలు తెరిచి, పాత రోడ్డుకు వాడకం లేదని సర్వేలో తేలిందని చెప్పాను. మా సారు లోపలినుంచి, "రూలు ప్రకారం అయింది కదమ్మా, పంపించు" అన్నాడు. వాళ్ళు వాదించడం మొదలుపెట్టారు. వాదనలో నన్ను గెలవాలంటే కష్టం. రోడ్డు భద్రత అన్నాను, జారిన కారు అన్నాను, రేపు ఎవరైనా చనిపోతే ఎవరిది బాధ్యత అన్నాను. ఆ చివరి ప్రశ్నతో వాళ్ళు మెట్ల వైపు తిరిగారు. వెళ్ళిపోయారు.

మెట్ల దగ్గర డ్రైవరు వాళ్ళకు నీళ్ళ సీసా ఇవ్వడం కిటికీలోంచి చూశాను. నా వైపు చూడలేదు ఆయన.

వానకాలం వచ్చింది. ఎగువన ఎడతెగని వానలు. ఒక ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ప్రాజెక్టు గేట్లు లేపుతారని, పన్నెండింటికల్లా పడవలన్నీ ఒడ్డెక్కాలని కబురు. గేట్లు లేపితే కట్ట వైపు నీళ్ళు గుంజుతాయి, అక్కడ తేలుతున్నదేదైనా కొట్టుకుపోతుంది. ర్యాంపు మా శాఖది కాబట్టి నాకు అక్కడ డ్యూటీ వేశారు.

గేట్లు లేపే రోజు మా వైపు ఒక జాతర. గోదావరిఖని, రామగుండం, బసంత్‌నగర్, పెద్దపల్లి, అన్నిచోట్ల నుంచి జనం పిల్లాజెల్లాతో వస్తారు. బొగ్గుదుమ్ములో బతికేవాళ్ళకు అంత తెల్లటి నీళ్ళు చూడడం ఒక పండుగ, తప్పు పట్టను. మక్కకంకులు కాల్చేవాళ్ళు, ఐస్‌క్రీం బండ్లు, డీజే పెట్టిన ఆటోలు. పదకొండింటికి నేను వెళ్ళేసరికి పార్కింగ్ నిండి, కార్లు ర్యాంపు మీదికి దిగి, నీళ్ళ అంచు దాకా వరసగా నిలిచి ఉన్నాయి. 'పడవల రాకపోకలకు మాత్రమే. వాహనాలు నిలుపరాదు' అని నేనే రాయించిన బోర్డు నీడన ఒక కుటుంబం చాప పరుచుకుని పులిహోర తింటోంది.

చిన్న విషయమే ఇది, పాత రోడ్డు మూసిన ఫైల్లోనూ ర్యాంపు ఫైల్లోనూ ఎవరికీ తట్టలేదు. పడవలు అత్యవసరంగా ఒడ్డెక్కాల్సిన రోజూ, జనం కార్లతో పోటెత్తే రోజూ ఒకటే. మాకు తట్టనిది ఆ చేపల మనుషులకు ముందే తెలుసు. వాళ్ళు అడిగింది పాత రోడ్డునే కదా.

"బండ్లు తియ్యండి! పడవలు రావాలె!" అని అరిచాను. ఎవరి బండి ఎవరిదో తెలిసేలా లేదు. సగం మంది తాళాలు పట్టుకుని కట్ట మీదికి పోయారు. పడవలు ఒక్కొక్కటే వచ్చి ర్యాంపు ముందు అలలకు ఊగుతున్నాయి. కాలనీ పడుచువాళ్ళు నడుము లోతు నీళ్ళలో దిగి, ఒక పడవను భుజాల మీదికెత్తి రెండు కార్ల మధ్య నుంచి తేబోయారు. ఒకాయన ఉరికొచ్చాడు.

"ఏయ్, నా కారుకు గీత పడితె ఎవడు జిమ్మేదారి?"

"కారును నీ నెత్తిన పెట్టుకపో అన్నా, మేం పడవను పెట్టుకున్నం సూడు," అన్నాడు మోస్తున్న వాళ్ళలో ఒకడు.

"మాటలు మంచిగ రానియ్యి!"

"మంచిగనే వస్తున్నయి, పడవే వస్తలేదు."

నేను మధ్యలో దూరి కారాయనతో గొడవ పెట్టుకున్నాను. డ్యూటీలో ఉన్న కానిస్టేబుల్ నా చెయ్యి పట్టినంత పనిచేసి, "అమ్మా, నేనొక్కన్ని, వీళ్ళు ఎయ్యి మంది. మీరు జర నోరు తగ్గియ్యిండ్రి" అన్నాడు. అట్లా గంటన్నరలో ఎనిమిది పడవలు పైకొచ్చాయి. తొమ్మిదోది రాలేదు.

అది కాకాది. ముందురోజు వేసిన వలలు పోతాయని భార్యాభర్తలిద్దరూ వలలు తీసుకురావడానికి పోయారట. వాళ్ళు వచ్చేసరికి పన్నెండు దాటింది. ర్యాంపు దగ్గర కార్లను, గుంపును, అలలను చూసి ఆయన పడవ తిప్పడం నాకు కనిపించింది. పాత రోడ్డు వైపు తిప్పాడు. అది అక్కడినుంచి మనిషిని గుర్తుపట్టేంత దగ్గర, కేకేస్తే వినపడనంత దూరం. అయినా కేకలేశాను. కొంగు ఊపాను. చిన్నమ్మ నన్ను చూసింది. తర్వాత తెలిసింది, దా దా అని పిలుస్తున్నాననుకుందట.

నీళ్ళు పెరిగాయి కదా, రెండో వరస బండల మీదికి ఎక్కాయి. పైకి ఏమీ కనిపించడం లేదు. "బండలు మునిగినయి, పడవ పైకెల్లి పోతది" అని ఆయన భార్యతో అన్నాడట. ఆ రోడ్డు ఆయనకు కాళ్ళతో తెలిసిన రోడ్డు. దాని మీద నేను పోయించిన బండల పైన నీళ్ళు ఎంత లోతున్నాయో మాత్రం ఆయనకు తెలియదు. గాలి వెనకనుంచి కొట్టింది. పడవ వేగంగా వెళ్ళి, ఒక్కసారిగా నిలబడినట్టు లేచి, తిరగబడింది.

చిన్నమ్మకు బండ దొరికింది, పట్టుకుంది. ఆయనకు ఈత రాక కాదు. ఈతకు ఊపిరి కావాలి. అప్పటికి ఒడ్డెక్కిన పడవను మళ్ళీ దించి ఇద్దరు పోయారు. కార్ల మధ్యనుంచి దించడానికి పట్టిన టైము ఎంతో నేను చెప్పను, చెప్పలేను. చిన్నమ్మను తెచ్చారు. కాకా మర్నాడు కట్ట రాళ్ళ దగ్గర దొరికాడు. గేట్లు చెప్పిన టైముకే లేపారు. జనం చప్పట్లు కొట్టారు. సగం మందికి ఇవతల ఏం జరిగిందో తెలియదు.

పది రోజుల తర్వాత విచారణ. జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు, మర్యాదస్తుడు, తొందరలో ఉన్నాడు. హాలు బయట మా సారు నన్ను పక్కకు పిలిచాడు.

"ఫైల్ల ఏముందో అది సదువు. అంతే. కొత్తగ ఏం చెప్పకు. ఇది నీతోని ఆగది, నా దాక వస్తది, పైదాక పోతది."

"సార్, నేను చూసిన టైము…"

"టైము ఎవడన్న అడిగిండా?"

లోపల చదివాను. పాత రోడ్డుకు వాడకం లేదు. పడవలు నిరుపయోగం. మూసిన మార్గమని బోర్డు ఉంది. అధికారి తలాడిస్తూ రాసుకున్నాడు. చిన్నమ్మ బెంచీ చివర కూర్చుని ఉంది, చేతులకు బండ గీరుకున్న గాయాలు ఇంకా మానలేదు. అందరినీ అడిగాక, నువ్వేమైనా చెప్పుకుంటావా అని ఆమెను అడిగారు. ఆమె నా వైపు తిరిగింది.

"బిడ్డా, నువ్వు మా తొవ్వ సూడనీకి వచ్చిన్నాడు యాల్ల ఎంతయింది?"

"పదకొండు."

"మూడు దినాలు గూడ పదకొండేనా?"

"ఆ."

ఆమె కోప్పడలేదు. తెలియని పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "పదకొండింటికి మేం పండుకుంటం గద బిడ్డా."

అధికారి పెన్ను ఆపి నన్ను అడిగాడు. "ఏమ్మా, వేరే సమయాల్లో వాడకం ఉండే అవకాశం ఉందా?"

మీలో కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళుంటే ఈ ఒక్కచోట ఆగి చదవండి. నా ఇరవై ఆరేళ్ళ నౌకరీలో ఎవరూ అడగకముందే వెయ్యి జవాబులు చెప్పాను. కారాయనతో, కాంట్రాక్టరుతో, కానిస్టేబుల్‌తో, పాపం డ్రైవరుతో, అందరితో వాదించాను. నన్ను ఎవరైనా సూటిగా, నిజంగా, జవాబు కోసం అడిగింది ఆ ఒక్కసారే. 'ఉంది సార్' అంటే రెండు మాటలు. మా సారు బల్ల కింద కాలు ఊపుతున్నాడు. నేను ఫైలు వైపు చూసి, "సర్వేలో అట్లా తేలలేదు సార్" అన్నాను.

'మృతుడు మూసివున్న మార్గంలో స్వీయ నిర్లక్ష్యంతో ప్రవేశించినందున' అని నివేదిక వచ్చింది. స్వీయ నిర్లక్ష్యం. ఆ మాట చదివిన రోజు నేను అన్నం తినలేదు. రాత గొప్పగా ఉందని కాదు, ఆ రాతకు సిరా నాదని.

అప్పుడు నోరు వచ్చింది, అవసరం తీరాక. పాత రోడ్డు మీది బండలు తీసెయ్యాలని నోట్ పెట్టాను. సారు చదివి నవ్వాడు.

"వాడకం ఉన్నదని రుజువు పెట్టు, తీద్దాం."

"బండలు అడ్డమున్నంక వాడకం ఎట్లుంటది సార్?"

"మరి లేనట్టే గద."

ఆ ఫైలు పెద్దపల్లి జిల్లా ఆఫీసుకు పోయింది, వచ్చింది. ఇంకో ప్రశ్నతో మళ్ళీ పోయింది. చలికాలం వెళ్ళిపోయింది. కాలనీలో ఆరు పడవలు అమ్ముకున్నారని తెలిసింది. ర్యాంపు దగ్గర నలుగురు మనుషులు దొరికే ఇళ్ళకే వేట మిగిలింది. మిగిలిన ఇళ్ళ ఆడవాళ్ళు బసంత్‌నగర్‌లో కూలికి పోతున్నారు. నేను ఇంట్లో మా ఆయనతో, ఆఫీసులో గోడలతో వాదిస్తున్నాను. ఒకరోజు జీపులో వెనక సీటు వదిలి ముందు కూర్చున్నాను. డ్రైవరు ఆశ్చర్యంగా చూశాడు.

"ఆ రోజు నువ్వు చెప్పింది వినలేదు," అన్నాను. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, అంతవరకే వచ్చింది.

ఆయన రోడ్డు మీదినుంచి చూపు తిప్పలేదు. "నేను గూడ ఇంకోపారి చెప్పవల్సి ఉండె మేడం. తిట్టిండ్రని ఊకున్న. నాదీ ఉన్నది." కాస్త దూరం పోయాక అన్నాడు: "మా బామ్మర్దికి పొక్లెయిన్ ఉన్నది. ఆర్డర్ ఉంటె గంట పని."

"ఆర్డర్ లేదు."

"మరేం చేద్దాం?"

"నా పేరు చెప్పు. మేడం తియ్యమన్నదని రాతపూర్వకంగా ఇస్త."

ఇచ్చాను. ఒక గురువారం పొద్దున, పట్టపగలు, ఆ యంత్రం వచ్చి రెండు వరసల బండలనూ పక్కకు నెట్టేసింది. సాయంత్రానికి ఫొటోలు మా సారు ఫోన్‌లో ఉన్నాయి. మర్నాడు నాకు మెమో వచ్చింది: ఎవరి అనుమతితో? జవాబులో అనుమతి సంగతి ఒక్క వాక్యంలో ముగించి, మిగిలిన రెండు పేజీలూ ఆ మూడు పదకొండు గంటల గురించి రాశాను. చూసినది ఏ టైముకో, చూడనిది ఏమిటో, నన్ను హెచ్చరించినా వినలేదనీ, విచారణలో అడిగినా చెప్పలేదనీ రాశాను. డ్రైవరు పేరు రాయలేదు. ఆ జవాబుతో పాటే విరమణ దరఖాస్తూ పెట్టాను. దరఖాస్తు నెలలో మంజూరైంది. ఆ రెండు పేజీలు ఏ ఫైల్లో ఉన్నాయో ఇప్పటికీ తెలియదు. నివేదికలో ఆయన నిర్లక్ష్యం మాత్రం అట్లాగే ఉంది. దాన్ని మార్చమని రాసిన ఉత్తరాలకు రసీదులున్నాయి నా దగ్గర, జవాబుల్లేవు.

ఉద్యోగం ముగిశాక వారానికి, తెల్లవారుజామున బస్సు దిగి కాలనీ వెనక నుంచి పాత రోడ్డుకు నడిచాను. చిన్నమ్మ కోసం. ఆఫీసు మనిషిగా కాకుండా ఒకసారి ఎదుట నిలబడి చెప్పాలని. ఏం చెప్పాలో బస్సులో పదిసార్లు కూర్చుకున్నాను. నీళ్ళ మీద పొగమంచు ఇంకా లేవలేదు. రోడ్డు మీద తారు లేచిపోయిన చోట బండలు ఈడ్చిన గీతలు ఉన్నాయి. నీళ్ళ దగ్గరికంటా వెళ్ళి నిలబడ్డాను.

కాసేపటికి పైనుంచి చక్రాల చప్పుడు. ముందు ఒక పడుచువాడు బండిని వీపుతో ఆపుకుంటూ దిగుతున్నాడు, ఆమె మరిది కొడుకు. మధ్యలో పడవ. వెనక చిన్నమ్మ, చీర కుచ్చెళ్ళు బిగించి, వాలులో బండి ఉరకకుండా తాడు పట్టుకుని తన బరువుతో ఆపుతోంది. మొగుడితో వచ్చినప్పుడూ ఆమె చోటు అదే, పడవ వెనక. నన్ను చూసింది, గుర్తుపట్టింది.

"చిన్నమ్మా…" అన్నాను. కూర్చుకున్న మాటల్లో అది మొదటిది. రెండోది రాలేదు.

"జరుగు బిడ్డా," అంది. "తొవ్వకు అడ్డం నిలవడ్డవు."

జరిగాను. బండి నా పక్కనుంచి నీళ్ళలోకి దిగింది.